సిగరెట్ మానాక మొదలైన గుండెదడ: రొయ్యల చెరువు కాపలాదారులో కెఫీన్ అధిక మోతాదు – కేస్ స్టడీ

ఎనర్జీ డ్రింకుల వల్ల గుండెదడ వచ్చిందంటే వినేవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు. ఈ కేసులో గమనించాల్సింది వేరే ఉంది. రోగి నాలుగు నెలలుగా అవే సీసాలు, అంతే లెక్కన తాగుతున్నాడు, ఏమీ కాలేదు. తాగే మోతాదు ఒక్క చుక్క కూడా పెరగలేదు. సిగరెట్ మానేశాకే ఒళ్లు తిరగబడింది. ఆ రెంటికీ ఉన్న సంబంధం పట్టుకోకపోతే ఇలాంటి రోగికి ఆందోళన జబ్బని మాత్రలు రాసి పంపేస్తాం. అతను మళ్లీ సిగరెట్ వెలిగిస్తాడు, దడ తగ్గుతుంది, సిగరెట్టే మందని జీవితాంతం నమ్ముతాడు. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాం. రోగి అనుమతి ఉంది. గుర్తుపట్టే వివరాలు మార్చాం.

రోగి, పని, ఫిర్యాదు

వయసు 34, బరువు 58 కిలోలు. పశ్చిమ గోదావరి ఆక్వా ప్రాంతంలో 12 ఎకరాల వనామీ రకం రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా. వేసవి పంట, రొయ్య ఎదిగే దశ. ఈ పని తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. పగలు ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచు) ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున ఉన్న బురద అన్నీ కలిసి ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అందుకే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, అంటే డీవో, తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకు 4 మి.గ్రా. కంటే దిగితే రైతుకు కంగారు మొదలవుతుంది. రొయ్యల సాంద్రత ఎక్కువగా ఉన్న చెరువులో ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగిపోతే జనరేటర్ ఎక్కించడానికి దొరికేది కొద్ది నిమిషాలే. మనిషికి నిద్ర బాగా ముంచుకొచ్చే రెండు నుంచి ఆరు గంటల మధ్యనే చెరువుకూ ప్రమాదం. అతను సీసా పట్టుకున్నది సరదాకు కాదు. లక్షల రూపాయల సరుకు అతని మెలకువ మీద ఆధారపడి ఉంది.

ఉదయం పదింటికి ఓపీకి వచ్చాడు. రెండు వారాలుగా గుండెదడ, చేతి వణుకు. పొద్దున ఎనిమిదింటికి పడుకుంటే మూడు గంటలకు మించి నిద్ర పట్టడం లేదు. ఆ రోజు తెల్లవారుజామున గుండె “ఒక దెబ్బ తప్పి, గట్టిగా ఇంకో దెబ్బ” కొడుతున్నట్టు అనిపించింది. భయమేసి గట్టు మీదే కూర్చుండిపోయాడు. ఛాతీలో నొప్పి లేదు, స్పృహ తప్పలేదు, ఆయాసం లేదు.

నాలుగు రోజుల కిందట విరేచనాలు పట్టుకున్నాయి, రెండు రోజుల్లో తగ్గాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న సిప్రోఫ్లాక్సాసిన్ 500 మి.గ్రా. రోజుకు రెండు చొప్పున ఇంకా వేసుకుంటున్నాడు. భార్య నెల తప్పిందని 26 రోజుల కిందట సిగరెట్ పూర్తిగా మానేశాడు. అంతకు ముందు రోజుకు 12 నుంచి 15 కాల్చేవాడు. గుట్కా, ఖైనీ అలవాటు లేదు. మద్యం పండగకో పబ్బానికో.

మాటల చివర్లో అతను అడిగిన ప్రశ్నలోనే రోగనిర్ధారణ సగం ఉంది: “డాక్టర్ గారూ, సిగరెట్ మానేసిన కాణ్ణుంచే ఇలా అవుతుందండీ. ఒంటికి అలవాటైపోయింది కదండీ, రోజుకో రెండు కాలిస్తే సర్దుకుంటదేమోనండీ?”

పరీక్షల్లో తేలినవి

నాడి నిమిషానికి 110, మధ్యమధ్యలో తప్పుతోంది. బీపీ 152/94. జ్వరం లేదు, ఆక్సిజన్ 98 శాతం. చేతులు చాపితే సన్నటి వణుకు. మెడలో థైరాయిడ్ వాపు లేదు, కళ్లు మామూలుగా ఉన్నాయి. చెరువుల దగ్గరా పొలాల దగ్గరా పనిచేసే వాళ్లలో పురుగుమందు సంగతి కూడా చూడాలి కాబట్టి కంటిపాపలు, చెమట, చొంగ, ఊపిరితిత్తుల శబ్దాలు ప్రత్యేకంగా చూశాం. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు విషం లక్షణాలేవీ లేవు.

ఈసీజీలో సైనస్ టాకీకార్డియా (లయ మామూలే, వేగం ఎక్కువ), అక్కడక్కడ ఒకే ఆకారంలో ఉన్న వెంట్రిక్యులర్ ఎక్టోపిక్ బీట్లు (వేళకు ముందే పడే గుండె దెబ్బలు), పొటాషియం తగ్గితే కనిపించే చిన్న యూ తరంగాలు. యంత్రం క్యూటీసీ 460 అని చూపించింది. క్యూటీ అంటే గుండె ఒక దెబ్బ కొట్టి మళ్లీ సిద్ధం కావడానికి పట్టే సమయం, దాన్ని నాడి వేగానికి సవరిస్తే క్యూటీసీ. ఇక్కడ తొందరపడకూడదు. నాడి 110 ఉన్నప్పుడు బాజెట్ సూత్రం క్యూటీని అసలు కంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. చేత్తో కొలిస్తే క్యూటీ 340 మిల్లీసెకన్లు. ఫ్రిడెరిషియా సూత్రంతో సవరిస్తే 416, అంటే మామూలే. యూ తరంగాన్ని టీ తరంగంలో కలిపి కొలిచినా ఇదే పొరపాటు జరుగుతుంది.

పొటాషియం 3.1 (తక్కువ), సోడియం 138, మెగ్నీషియం 1.7, క్రియాటినిన్ 0.9, మామూలే. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 2.1. గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ నెగటివ్. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 5.9, హద్దుకు కాస్త పైన. హిమోగ్లోబిన్ 12.4, మగవాడికి ఇది తక్కువే. ఎకోలో గుండె నిర్మాణం, పంపింగ్ మామూలుగా ఉన్నాయి.

రక్తంలో కెఫీన్ ఎంత ఉందో కొలిచే పరీక్ష జిల్లా స్థాయి ల్యాబుల్లో దొరకదు. దాని అవసరం కూడా పెద్దగా లేదు. రోగిని సరిగ్గా అడిగితే చాలు.

కెఫీన్ చిట్టా

“టీ కాఫీలు తాగుతారా?” అని అడిగితే “ఏదో రెండు మూడు టీలండీ” అంటారు. అందరూ అంతే అంటారు, అబద్ధం కాదు. సీసాను వాళ్లు కూల్‌డ్రింక్ అనుకుంటారు, తలనొప్పి బిళ్లను మందు అనుకుంటారు. ఆ రెంటికీ కెఫీన్‌తో సంబంధం ఉందని వాళ్లకు తోచదు. అడగాల్సిన పద్ధతి వేరు: నిద్ర లేచిన దగ్గర నుంచి మళ్లీ పడుకునే దాకా, గంట గంటకూ నోట్లోకి ఏం వెళ్లిందో అడగాలి. గ్లాసు ఎంతుంటుందో చేత్తో చూపించమనాలి. సీసానూ, బిళ్లల అట్టనూ తెప్పించి వెనక రాసింది మనమే చదవాలి. ఈ రోగి ఇంటి నుంచి ఖాళీ సీసా, బిళ్లల అట్ట తెప్పించి చూశాం.

సీసా 250 మి.లీ.; లేబుల్ మీద 100 మి.లీ.కు 29 మి.గ్రా. కెఫీన్. అంటే సీసాకు 72.5 మి.గ్రా. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం కెఫినేటెడ్ బెవరేజ్‌లో లీటరుకు 145 నుంచి 300 మి.గ్రా. దాకా ఉండొచ్చు. కాబట్టి ఏ కంపెనీ సీసా అయినా 250 మి.లీ.కు 75 మి.గ్రా. దాటదు. లేబుల్ దొరకనప్పుడు అదే లెక్క వేసుకోవచ్చు. విదేశాల నుంచి తెచ్చిన పెద్ద డబ్బాలకు ఈ లెక్క పనికిరాదు, వాటిలో ఒక్కో దాంట్లో 160 మి.గ్రా. కూడా ఉంటుంది.

టీ లెక్క కాస్త అంచనాతో కూడింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 150 మి.లీ. టీలో 30–65 మి.గ్రా., అంతే ఇన్‌స్టంట్ కాఫీలో 50–65, డికాషన్ కాఫీలో 80–120 అని ఇచ్చారు. టీ కొట్టు గ్లాసు 150 మి.లీ. ఉండదు, 70–80 ఉంటుంది. కానీ పొడి మరిగి మరిగి చిక్కగా ఉంటుంది. గ్లాసుకు 25 మి.గ్రా. వేసుకున్నాం.

తలనొప్పి బిళ్లలో పారాసెటమాల్, ఇంకో నొప్పి మందుతో పాటు 50 మి.గ్రా. కెఫీన్ ఉంది. ఇలాంటివి షాపుల్లో చీటీ లేకుండా దొరుకుతాయి. జలుబు మాత్రలు కొన్నిటిలో 30 మి.గ్రా. చొప్పున, ఎర్గోటమిన్ కలిసిన పార్శ్వనొప్పి మాత్రల్లో 100 మి.గ్రా. ఉంటుంది.

అతని ఒక రాత్రి ఇది:

సాయంత్రం 5 – టీ
6 – సీసా
8 – టీ
10 – సీసా
11 – బిళ్ల
12 – టీ
ఒంటిగంట – సీసా
మూడున్నర – సీసా
4 – బిళ్ల
5 – టీ
ఆరున్నర – టీ

సీసాలు నాలుగు, 290 మి.గ్రా. టీలు అయిదు, 125. బిళ్లలు రెండు, 100. మొత్తం 515 మి.గ్రా. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 400 మి.గ్రా. దాకా ఇబ్బంది లేదంది. దాన్ని బరువుకు పంచితే కిలోకు 5.7 మి.గ్రా. మన రోగి బరువు 58 కిలోలు, అంటే అతని హద్దు 330. మన పోషకాహార సంస్థ చెప్పిన హద్దు రోజుకు 300. సీసాల మీద “రోజుకు 500 మి.లీ. మించి తాగరాదు” అని రాసి ఉంటుంది. అతను తాగుతున్నది లీటరు.

హద్దు దాటిన మాట నిజమే. కానీ నాలుగు నెలలు ఇదే మోతాదును తట్టుకున్న మనిషి ఇప్పుడెందుకు కూలబడ్డాడన్న ప్రశ్నకు ఈ మొత్తం ఒక్కటే జవాబు చెప్పదు.

సిగరెట్ లెక్క

కెఫీన్‌ను కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. సిగరెట్ పొగలోని తారు పదార్థాలు ఈ ఎంజైమ్‌ను ఎక్కువగా తయారయ్యేలా చేస్తాయి. అందుకే పొగతాగని మనిషి ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున అయిదు నుంచి ఆరు గంటలు పడితే, పొగతాగేవాడిలో మూడు గంటల్లోనే తగ్గిపోతుంది. రోజుకు పది సిగరెట్లు చాలు, ఈ ప్రభావం దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది. పొగ ఆగాక అదనపు ఎంజైమ్ నిలవదు, వారం రోజుల్లో మామూలు స్థాయికి దిగిపోతుంది. అంతకు ముందు తాగినంతే తాగితే రక్తంలో కెఫీన్ సుమారు రెట్టింపు అవుతుంది.

ఈ పని చేసేది నికోటిన్ కాదు, పొగ. కాబట్టి గుట్కా, ఖైనీ మానేసిన వాళ్లలో ఇలా జరగదు, బీడీ మానేసిన వాళ్లలో జరుగుతుంది. నికోటిన్ గమ్ నమిలినా ప్యాచ్ వేసుకున్నా ఎంజైమ్ మళ్లీ పెరగదు.

అతని చిట్టానే తీసుకుని లెక్క వేశాం. పొగతాగే రోజుల్లో, మూడు గంటల అర్ధాయువుతో (సగానికి తగ్గే సమయంతో), పొద్దున ఎనిమిదింటికి పడుకునేటప్పుడు ఒంట్లో మిగిలి ఉన్న కెఫీన్ సుమారు 110 మి.గ్రా. మానేశాక, ఆరు గంటల అర్ధాయువుతో, సుమారు 235. మూడు సీసాలు గటగటా తాగి మంచం ఎక్కినట్టు. నిద్ర రాకపోవడంలో వింతేముంది?

దీని మీద సిప్రోఫ్లాక్సాసిన్ పడింది. ఆ మందు ఇదే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అంటే పొగ ఆగి ఎంజైమ్ తగ్గింది, మిగిలిన దాన్ని మందు పట్టి ఉంచింది. విరేచనాల వల్ల పొటాషియం పోయింది. కెఫీన్ మోతాదు మించితే రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది, మూత్రంలో కొంత పోగొడుతుంది కూడా. పొటాషియం తగ్గిన గుండె కండరం ఎక్టోపిక్ బీట్లు కొట్టడానికి సిద్ధంగా ఉంటుంది. రెండు వారాలుగా ఓర్చుకుంటున్న దడ ఆ రోజు తెల్లవారుజామున మనిషిని కూర్చోబెట్టడానికి కారణం ఇవన్నీ ఒక్కచోట చేరడమే.

నికోటిన్ మానిన లక్షణాలతో దీన్ని కలిపేసుకోవడం చాలా సులువు. చిరాకు, నిద్రలేమి, మనసు నిలవకపోవడం రెండిటిలోనూ ఉంటాయి. తేడా పట్టించేది నాడి. సిగరెట్ మానితే గుండె వేగం తగ్గుతుంది, పెరగదు. మానిన వాడికి నాడి నూరు దాటి, చేతులు వణుకుతున్నాయంటే కారణం ఇంకెక్కడో వెతకాలి, ముందు కెఫీన్ దగ్గర వెతకాలి.

ఎనర్జీ డ్రింకులో కెఫీన్ కాక టారిన్, బి విటమిన్లు, చక్కెర ఉంటాయి. 2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక పరీక్షలో 34 మంది ఆరోగ్యవంతుల చేత గంటలో 32 ఔన్సులు, అంటే లీటరుకు కాస్త తక్కువ, తాగించారు. నాలుగు గంటల తర్వాత క్యూటీసీ, ఉత్తుత్తి పానీయం తాగినప్పటి కంటే 6 నుంచి 7.7 మిల్లీసెకన్లు పెరిగింది, బీపీ కూడా పెరిగింది. ఆరోగ్యవంతుడిలో ఇది చిన్న మార్పే. పొటాషియం 3.1 ఉండి, క్యూటీని సాగదీసే గుణమున్న సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందు వాడుతున్న వాడిలో చిన్నదని వదిలేయడానికి లేదు.

మొదటి 24 గంటలు

వార్డులో మానిటర్ పెట్టి ఒక రాత్రి ఉంచాం. సిప్రోఫ్లాక్సాసిన్ ఆపేశాం. విరేచనాలు తగ్గాయి, జ్వరం లేదు, ఇక దాని పని లేదు. సీసాలు, బిళ్లలు, టీలు ఆ రోజుకు పూర్తిగా బంద్. పొటాషియం క్లోరైడ్ సిరప్ 15 మి.లీ., అంటే 20 మిల్లీ ఈక్వివలెంట్లు, గ్లాసు నీళ్లలో కలిపి తిన్న తర్వాత మూడు పూటలా ఇచ్చాం. నీళ్లు కలపకుండా ఇస్తే కడుపులో మంట, వాంతి. దానితో పాటు ఓఆర్‌ఎస్.

పొటాషియం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తగ్గిన దాంట్లో కొంత ఒంట్లోంచి పోలేదు, కణాల్లోకి వెళ్లింది. కెఫీన్ దిగిపోతున్న కొద్దీ అది తిరిగి రక్తంలోకి వస్తుంది. మనం కూడా ఎడాపెడా ఇస్తే హద్దు దాటుతుంది. అందుకే ఆ సాయంత్రమే మళ్లీ పరీక్ష చేశాం, 3.6. మరుసటి ఉదయం 4.1, సిరప్ ఆపేశాం.

గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు ఇవ్వలేదు. నాడి మధ్యాహ్నానికి 96, రాత్రికి 84కు దిగింది, ఎక్టోపిక్ బీట్లు పలచబడ్డాయి. నాడి 130 దాటి ఉన్నా, బీట్లు వరసగా వస్తున్నా, బీపీ పడిపోతున్నా కథ వేరు. అప్పుడు ఐసీయూ ఉన్న చోటికి పంపాలి. కెఫీన్ పొడినో బిళ్లలనో ఒక్కసారిగా మింగి 1,200 మి.గ్రా. దాకా వెళ్లిన వాళ్లలో ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, వాళ్లను ఓపీలో ఉంచి చూడటం సరికాదు.

నిద్రకు అల్ప్రాజోలమ్ రాయలేదు. రాత్రి ఏరేటర్ల మధ్య, కరెంటు వైర్ల మధ్య, గట్టు మీద నడిచే మనిషికి మత్తు మందు అలవాటు చేయడం ప్రమాదం. బీపీ మాత్ర కూడా మొదలుపెట్టలేదు. కెఫీన్ నిండా ఉన్న ఒంటి మీద తీసుకున్న ఒక్క రీడింగ్‌తో 34 ఏళ్ల మనిషికి జీవితకాలపు మందు రాయకూడదు.

మరుసటి ఉదయం తలనొప్పి మొదలైంది. ఊహించిందే. కెఫీన్ ఆగాక 12–24 గంటల్లో తలనొప్పి వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది, రెండు నుంచి తొమ్మిది రోజుల్లో పోతుంది. కెఫీన్ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పనిని అడ్డుకుంటుంది. రోజూ అడ్డుకుంటూ ఉంటే మెదడు అడెనోసిన్ గ్రాహకాలను పెంచుకుంటుంది. కెఫీన్ హఠాత్తుగా తీసేస్తే ఆ గ్రాహకాలన్నిటి మీదా అడెనోసిన్ ఒక్కసారి పనిచేసి రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, మత్తు కమ్ముతుంది. ఒక టీ, కెఫీన్ లేని పారాసెటమాల్ 650 మి.గ్రా. ఇచ్చాం, తగ్గింది.

తగ్గింపు పట్టిక

పూర్తిగా ఆపమని చెప్పి పంపితే మూడో రోజు తలనొప్పికి బిళ్ల వేసుకుంటాడు, ఆ బిళ్లలోనే 50 మి.గ్రా. ఉంది, మళ్లీ మొదటికొస్తాడు. మెట్లు మెట్లుగా దించాలి. సిగరెట్ మానిన వాడికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఎంజైమ్ తగ్గి రక్తంలో మోతాదు రెట్టింపైంది కాబట్టి, తాగేది సగానికి కోసినా ఒంటికి అందేది పాత మోతాదే. మొదటి కోత నొప్పి లేకుండా వేయొచ్చు. ఆ తర్వాతి కోతలే చిన్నవిగా ఉండాలి.

మొదటి వారం: రెండు సీసాలు, రాత్రి 9కి ఒకటి, 12కి ఒకటి. టీలు నాలుగు. మొత్తం 245 మి.గ్రా.
రెండో వారం: ఒకే సీసా, సగం 10కి, సగం ఒంటిగంటకు. టీలు నాలుగు. సుమారు 170.
మూడో వారం: సీసా లేదు. టీలు అయిదు. 125.
నాలుగో వారం నుంచి: టీలు నాలుగు. 100.

అన్ని వారాల్లోనూ రాత్రి ఒంటిగంట తర్వాత కెఫీన్ నోట్లో పడకూడదు. పడుకునేది ఎనిమిదింటికి కాబట్టి ఏడు గంటల ఖాళీ. 2013లో వచ్చిన ఒక పరీక్షలో నిద్రకు ఆరు గంటల ముందు 400 మి.గ్రా. తీసుకున్నా గంటకు పైగా నిద్ర తగ్గిందని తేలింది. ఇతని మోతాదు అంతకంటే చిన్నదే. అయినా ఎంజైమ్ నెమ్మదించిన వాడికి ఖాళీ ఎక్కువ ఇవ్వడమే మంచిది.

తలనొప్పి బిళ్ల మాత్రం మొదటి రోజు నుంచే పూర్తిగా మాన్పించాం, దానికి మెట్లు లేవు. ఇలాంటి కలగలుపు నొప్పి మాత్రలు నెలలో పది రోజులకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది. అతను రోజూ రెండు వేసుకుంటున్నాడు. అవసరమైతే ఉత్త పారాసెటమాల్, వారంలో రెండు రోజులకు మించకుండా.

టీ భోజనానికి గంట ముందు, గంట తర్వాత వద్దన్నాం. టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును పట్టేస్తాయి. హిమోగ్లోబిన్ 12.4కి ఇదొక్కటే కారణమని కాదు కానీ, ఖర్చు లేని మార్పు. చక్కెర గురించి వేరే ఉపన్యాసం ఇవ్వలేదు. సీసా మీద రాసిన చక్కెర గ్రాములను నాలుగు సీసాల లెక్కన గుణించి అతని చేతే కాగితం మీద రాయించాం, హెచ్‌బీఏ1సీ 5.9 పక్కన.

చెరువు మీద మార్పు

ఇది లేకుండా పట్టిక ఒక్క వారం కూడా నిలవదు. తెల్లవారుజామున మెలకువగా ఉండక తప్పని మనిషికి “సీసా తాగకు” అని మాత్రం చెప్పి పంపితే వైద్యం సగమే చేసినట్టు. రైతును పిలిపించి మాట్లాడాం. ఒప్పించడానికి పట్టింది కాసేపే. రాత్రి కాపలాదారు గుండె పట్టుకుని గట్టు మీద కూర్చుండిపోతే చెరువు సంగతి ఏమిటన్నది ఆయనకు వెంటనే అర్థమైంది.

మూడు పనులు జరిగాయి. కరెంటు పోయినా, ఒక ఫేజు పోయినా మోగే సైరన్‌ను షెడ్డు దగ్గర పెట్టించారు, అదే సమయంలో రైతు ఫోన్‌కు కాల్ వెళ్లే స్టార్టర్ ప్యానెల్‌కు కలిపారు. అంతకు ముందు ఏరేటర్ల చప్పుడు ఆగిందా లేదా అని చెవులు రిక్కించుకుని ఉండటమే అలారం. రెండోది, పక్క చెరువు కుర్రాడితో ఒప్పందం: పది నుంచి రెండింటి దాకా ఒకరు, రెండు నుంచి ఆరింటి దాకా ఇంకొకరు ప్రధాన కాపలా, వారం వారం మార్పు. మూడోది, డీవో మీటర్ రీడింగు పదికి, రెండుకు, అయిదుకు తీసి పుస్తకంలో రాయడం. ఊరికే మేలుకుని ఉండటం కంటే వేళకు లేచి చూసే పని ఉంటే మగత తక్కువ.

కాపలా వంతు కానప్పుడు 20 నిమిషాల కునుకు. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక మందంగా ఉంటుంది, ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. పొద్దున ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు, పడుకునే గది కిటికీకి మందపాటి దుప్పటి. ఎండ కంట్లో పడితే మెదడు పగలనుకుంటుంది.

తర్వాత ఏమైంది

మొదటి వారం నిద్ర నాలుగున్నర గంటలకు పెరిగింది. ఈసీజీలో నాడి 76, క్యూటీ 370, ఎక్టోపిక్ బీట్లు లేవు.

రెండో వారం మధ్యలో రెండు రోజులు మబ్బు పట్టింది. ఎండ లేకపోతే ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారు చేయదు, రాత్రి డీవో ఇంకా పడుతుంది. ఒక ఏరేటర్ గేర్‌బాక్స్ పోయింది. ఆ రాత్రి మూడు సీసాలు తాగాడు, మర్నాడు దడతో ఫోన్ చేశాడు. ఇలాంటి జారుడు దాదాపు ప్రతి రోగిలో ఉంటుంది. పట్టికను మొదటి నుంచి మొదలుపెట్టించకూడదు, మర్నాటి నుంచి అదే వారం లెక్క కొనసాగించాలి. పొటాషియం మళ్లీ చూశాం, 3.9.

మూడో వారం సీసా పూర్తిగా తీసేసినప్పుడు రెండు రోజులు తలనొప్పి, విపరీతమైన ఆవులింతలు. పారాసెటమాల్ రెండుసార్లు వాడాడు. ఆరో వారానికి బీపీ 126/82, మందు లేకుండానే. పగటి నిద్ర ఆరున్నర గంటలకు పెరిగింది. సిగరెట్ మళ్లీ ముట్టలేదు. మధ్యలో కోరిక ఎక్కువైనప్పుడు 2 మి.గ్రా. నికోటిన్ గమ్ ఇచ్చాం. గమ్ నమిలే ముందు పావుగంట, నమిలేటప్పుడు టీ గానీ కూల్‌డ్రింక్ గానీ తాగొద్దని చెప్పాలి. నోటిలో పులుపు ఉంటే నికోటిన్ బుగ్గ నుంచి రక్తంలోకి ఎక్కదు, గమ్ పనిచేయడం లేదని పారేస్తారు.

ఇలాంటి కేసుల్లో తప్పటడుగు పడే చోట్లు

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, ఆందోళన జబ్బని ముద్ర వేయడం. కెఫీన్ ఎక్కువైన మనిషికి నిజంగానే భయం వేస్తుంది, కాబట్టి అడిగిన ప్రశ్నలన్నిటికీ అవుననే చెబుతాడు. అప్పుడు ఫ్లువోక్సమిన్ రాస్తే ఇంకా ఘోరం. సిప్రోఫ్లాక్సాసిన్ కంటే గట్టిగా ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే మందు అది.

ఆయాసానికి థియోఫిలిన్ వాడే పాత పొగరాయుళ్లు మన ఊళ్లలో చాలామంది. థియోఫిలిన్ కెఫీన్‌కు చుట్టమే, దారి కూడా అదే ఎంజైమ్. సిగరెట్ మానిన వారానికి అదే మోతాదు విషమయ్యే అవకాశం ఉంది. మానమని చెప్పిన రోజే మోతాదు తగ్గింపు, రక్తపరీక్ష చీటీ మీద రాయాలి. క్లోజపిన్, ఓలాంజపిన్ వాడే మానసిక రోగుల్లోనూ ఇదే జాగ్రత్త.

“షుగర్ ఫ్రీ తాగుతున్నానండీ” అనేవాళ్లకు కెఫీన్ అంతే ఉంటుందని విడమర్చి చెప్పాలి. జిమ్ కుర్రాళ్లను ప్రీ వర్కౌట్ పొడి గురించి విడిగా అడగాలి, ఒక్క చెంచాడులో రెండు మూడు సీసాలంత కెఫీన్ ఉండే రకాలున్నాయి. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లలో కెఫీన్ అర్ధాయువు రెట్టింపవుతుంది. గర్భిణులకు హద్దు రోజుకు 200 మి.గ్రా., చివరి నెలల్లో అది ఒంట్లోంచి పోవడానికి చాలా ఆలస్యమవుతుంది. ఈ రోగి భార్యకు కూడా అదే చిట్టా రాయించాం. ఆమెకు రోజుకు నాలుగు టీలు, 100 మి.గ్రా., ఫరవాలేదు. సీసా మాత్రం ఒక్కటి కూడా వద్దన్నాం, గర్భిణులకు పనికిరాదని లేబుల్ మీదే ఉంటుంది.

పిల్లల సంగతి అడగకపోయినా చెప్పాలి. ఇంట్లో తండ్రి తెచ్చిన సీసా పిల్లవాడు కూడా తాగుతాడు. పాతిక కిలోల పిల్లవాడికి ఒక్క సీసాతో కిలోకు 2.9 మి.గ్రా. పడుతుంది. ఐరోపా సంస్థ పిల్లలకు చెప్పిన హద్దు రోజుకు కిలోకు 3. సీసా తర్వాత ఒక కప్పు టీ తాగితే హద్దు దాటినట్టే. లిథువేనియా, లాత్వియా, పోలండ్ 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకాన్నే చట్టంతో ఆపేశాయి. ఇక్కడ పిల్లలకు సిఫార్సు చేయం అన్న లేబుల్ మాట ఉంది, ఊళ్లో కిరాణా కొట్టులో దాన్ని చదివి అమ్మేవాళ్లు లేరు.

మూడో నెలలో రోగిని మళ్లీ చూడాలి. అప్పటికి పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయిపోయి, కొత్త పంటకు చెరువు ఎండుతూ ఉంటుంది. రాత్రి పని ఉండదు, టీలు తగ్గుతాయి. ఆ విరామంలో బీపీ, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ చూస్తే అతని సొంత అంకెలు తెలుస్తాయి. చెరువులో కొత్త రొయ్యపిల్ల వదిలాక రెండో నెలలో, రాత్రి కాపలా బిగుసుకునేటప్పుడు, కెఫీన్ చిట్టా మరోసారి రాయించాలి. సిగరెట్ మళ్లీ మొదలైందా అని ఆ రోజు తప్పకుండా అడగాలి. మొదలై ఉంటే కెఫీన్ త్వరగా కరిగిపోయి నాలుగు టీలు చాలవనిపిస్తుంది, చేయి మళ్లీ సీసా వైపు వెళ్లేది అప్పుడే.